పోయిన నెల కొలతలు

మా బావ జేబులో సుద్దముక్క కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తప్పు సుద్దముక్కది కాదని తెలుసు. మనిషి మీద చూపించలేని కోపం వస్తువుల మీద చూపించడం మా వంశంలోనే ఉంది. మా నాన్న గోడగడియారాన్ని తిట్టేవాడు.

బావ వడ్రంగి. ఊరి చివర పెద్ద రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో పనిచేస్తాడు. అక్కడ తయారయ్యేవి కారు వెనక కొక్కేనికి తగిలించుకుని లాక్కుపోయే ఇళ్ళు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, సింకు, ఒక మనిషి ఒద్దికగా నిలబడగలిగినంత స్నానాల గది, అన్నీ అందులోనే. కొనుక్కునేవాళ్ళు వాటికి ఏవేవో ముద్దుపేర్లు పెట్టుకుంటారు. మేం మాత్రం పెట్టె అంటాం. చక్రాల మీద ఖాళీ డొల్ల వస్తుంది. లోపలి చెక్కపనంతా బావది, వైర్లన్నీ నావి. ఆయన మా అక్క మొగుడు. షెడ్డులో ఈ పని ఇప్పించింది కూడా ఆయనే. కాబట్టి ఆయన్ని తిట్టే హక్కు నాకు అంతగా లేదు. లేని హక్కుని బాగానే వాడుకుంటున్నాను.

షెడ్డులో అందరూ ఆయన్ని అంగుళం మేస్త్రి అంటారు. పెట్టె కావాలని ఎవరొచ్చినా రంగురంగుల బొమ్మలు చూపించడు. ముందు సిమెంటు నేల ఊడుస్తాడు. ఊడ్చిన చోట అసలు కొలతలతో సుద్దతో పెట్టె మొత్తం గీస్తాడు. ఇది మంచం, ఇది పొయ్యి, ఇది ఫ్రిజ్, దాని తలుపు తెరిస్తే ఇక్కడిదాకా వస్తుంది అని ఒంపు గీత కూడా గీస్తాడు. గీశాక మొగుడూ పెళ్ళాల చేత చెప్పులు విప్పించి ఆ గీతల్లోకి పంపుతాడు. అరగంట సేపు వాళ్ళు అందులో కాపురం చెయ్యాలి.

"తెల్లారింది, లేవండి," అంటాడు. "సారు మొహం కడుక్కుంటున్నారు. మీరు టీ పెట్టండమ్మా. పాలెక్కడున్నాయి? ఫ్రిజ్ తెరవండి. ఆగండాగండి, ఇప్పుడు మీరు సారు నడుములోంచి నడిచెళ్ళారు."

ఒకసారి బ్యాంకులో రిటైరైన ఒకాయన బట్టలుతికే మిషన్, గిన్నెలు కడిగే మిషన్, రెండు తలుపుల ఫ్రిజ్, గోడంత టీవీ, అన్నీ కావాలన్నాడు. బావ అన్నీ గీశాడు. గీశాక ఆ మొగుడూ పెళ్ళాలకి నిలబడ్డానికి మిగిలింది రెండు చాపల జాగా. ఫ్రిజ్ ఇటు పెడదామని ఆయన, అటు పెడదామని ఆవిడ, గంటసేపు వాదించుకున్నారు. చివరికి ఆవిడ సుద్దగోడ దాటి బయటికొచ్చి, "ఈయనతో అంత ఇంట్లోనే వేగలేకపోతున్నాను, ఈ డబ్బాలో నావల్ల కాదు" అని కారులో కూర్చుంది. బేరం పోయిందని యజమాని లబలబలాడాడు. బావకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. చెక్క కోశాక కొట్టుకునే బదులు సుద్దలో కొట్టుకున్నారు, నయమే కదా అన్నాడు.

ఇంకో సంగతిలో కూడా ఆయన దేవుడొచ్చి చెప్పినా వినడు. ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, అంటే బరువైనవన్నీ ఇరుసు మీదే ఉండాలి, లేదా ఇరుసుకి కొంచెం ముందు. వెనకెక్కడో పెడితే రోడ్డు మీద పెట్టె తోకాడిస్తుంది. అది ఆడించే తోక కారునే గుంటలోకి లాగుతుంది. చేసిన పనికి ప్రాణం మీద భయం కూడా కలిపి చేసే మనిషి ఆయన. ఆ భయమే మా కొంప ముంచుతుందని అప్పట్లో నాకు తెలియదు.

మా అక్క ఇంట్లో కూర్చుని అవే పెట్టెలకి కర్టెన్లు, దిండు గలీబులు కుట్టేది. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఎన్ని కిటికీలకి కుట్టిందో లెక్క లేదు. ఒక్క పెట్టెలో అయినా ఒక్క రాత్రి పడుకోలేదు. తన వంటగదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ పక్కింటి గోడ మీదికి తెరుచుకుంటుంది. చెయ్యి చాపితే గోడ తగులుతుంది. ఆ గోడ మీద పెచ్చులూడిన చోట ఒక మరక ఉంది. పంతొమ్మిదేళ్ళుగా పొద్దున్నే టీ తాగుతూ ఆ మరకనే చూస్తున్నాననీ, దానికి మొగుడి పోలికలు కూడా వచ్చేశాయనీ అక్క నవ్వేది.

రోగం కాలి చెప్పుతో మొదలైంది. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయేది. చెప్పులు వదులయ్యాయని బావ కొత్తవి కొన్నాడు. అవీ జారాయి. పట్టీ ఉన్నవి కొన్నాడు. అప్పుడు కాలే మడత పడింది. నాలుగు ఆసుపత్రులు తిరిగాక ఒక పెద్ద డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. నరాలు ఒక్కొక్కటే పని మానేస్తాయట. కాళ్ళు, తర్వాత చేతులు, తర్వాత మాట, ఆఖరికి ఊపిరి. దీనికి మందు లేదు.

"ఎక్కడికైనా వెళ్ళాలని ఉంటే ఇప్పుడే వెళ్ళండి," అందావిడ. "ఇప్పుడే అంటే వచ్చే ఏడాది కాదు."

బయటికొచ్చాక అక్కే ముందు తేరుకుంది. "ఏమండీ, మనకీ ఒక పెట్టె చెయ్యండి," అంది. "కిటికీ పక్కన పొయ్యి ఉండాలి. పొద్దున్నే నా టీ నేనే పెట్టుకుని, నిలబడి, రోజుకో చోటు చూస్తూ తాగాలి. ఒక్క నెల తిరిగితే చాలు. తర్వాత ఏమైనా కానీ."

అడిగింది అంతే. రాజ్యాలు అడగలేదు, ఒక కిటికీ, ఒక పొయ్యి, నిలబడటానికి రెండు కాళ్ళు. వాటిలో కాళ్ళు మా చేతుల్లో లేవు. మిగతా రెండూ ఉన్నాయి.

షెడ్డు వెనక ఎవరో వదిలేసిపోయిన పాత డొల్ల ఒకటుంటే యజమాని అది తీసుకోమన్నాడు, లాక్కెళ్ళడానికి తన పాత కారు కూడా ఇస్తానన్నాడు. మరుసటి ఆదివారం షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అక్కని తీసుకెళ్ళాం. బావ నేల ఊడ్చి, అందరికీ గీసినట్టే తన పెళ్ళానికీ గీశాడు. అక్క ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ గీతల్లోకి వెళ్ళింది. తలుపు పక్కన కిటికీ, కిటికీ కింద పొయ్యి. వెనక అడ్డంగా మంచం. అంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఫ్రిజ్ దగ్గర వచ్చింది.

"పొయ్యి పక్కన పెట్టండి," అంది అక్క.

"పక్కన పెడితే పొయ్యి వేడికి అది రోజంతా ఏడుస్తూనే ఉంటుంది. ఎదురుగా పెడతాను. అక్కడైతే ఇరుసు మీదికి వస్తుంది."

"అంటే పాల కోసం ఇల్లంతా తిరగాలా?"

"ఇల్లంతా ఏమిటే, రెండడుగులు."

"నా రెండడుగులు ఎంతసేపు పడతాయో మీకు తెలుసుగా."

బావ కాసేపు టేపు లాగి, వదిలి, మళ్ళీ లాగాడు. తర్వాత కాలితో ఫ్రిజ్‌ని చెరిపేశాడు. పొయ్యి పక్కనే, మధ్యలో నాలుగు అంగుళాలు వదిలి, వేడి తగలకుండా ఒక రేకు అని రాసుకుని, కొత్త ఫ్రిజ్ గీశాడు. బరువు సరిపోవాలని నీళ్ళ ట్యాంకుని అటు వైపుకి మార్చాడు. అంగుళం మేస్త్రి ఒక మనిషి మాటకి ఓడిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

గెలిచిన సంతోషంలో అక్క సుద్దపొయ్యి మీద టీ పెట్టింది. లేని గిన్నెలోంచి లేని గ్లాసులోకి వంచి నాకిచ్చింది. తాగి, చక్కెర తక్కువైందన్నాను. "నువ్వు తెచ్చావా తమ్ముడూ చక్కెర, వంకలు పెడుతున్నావు?" అంది. తర్వాత కిటికీ గీత దగ్గర నిలబడి చాలాసేపు బయటికి చూసింది. అక్కడ ఉన్నది పెయింటు డబ్బాల వరస. అయినా చూసింది.

ఆ రోజు చాప పరిచి, చిన్న గ్యాస్ పొయ్యి ఒకటి పడేసి, సోమవారమే బయల్దేరి ఉంటే ఎంత బాగుండేదో. కానీ ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టేవాడి ఇల్లే అయితే ఇక చెప్పేదేముంది. షెడ్డు పని అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు, ఆరు వారాల్లో మంచం అయింది, పొయ్యి బిగిసింది, ఫ్రిజ్ చల్లబడింది. వైర్లన్నీ నేను పూర్తి చేశాను. అల్మారాలకి తలుపులు మాత్రమే మిగిలాయి.

అప్పుడే అక్క స్నానాల గదిలో పడింది. ఎముకలేవీ విరగలేదు, కానీ ఆ తర్వాత కర్ర లేకుండా నడవలేకపోయింది. ఆ సాయంత్రం బావ టేపు తీసుకుని ఇంటికొచ్చాడు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి ఎత్తు కొలిచాడు. చెయ్యి చాపమని, ఎంతవరకు అందుతుందో కొలిచాడు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

"మంచం ఎత్తయిందిరా," అన్నాడు నాతో, గుమ్మం బయట. "అడ్డంగా ఉంటే ఎక్కలేదు. పక్క గోడకి, పొడుగ్గా, కిందికి దించాలి. అంతటా పట్టుకోడానికి కడ్డీలు పెట్టాలి."

"తలుపుల్లేని అల్మారాలతో, ఎత్తు మంచంతో ఎవరూ చచ్చిపోరు బావా. ఈ ఆదివారం కొక్కెం తగిలించేద్దాం. ఎక్కలేకపోతే నువ్వు ఎక్కించు. మొగుడివేగా."

"దారిలో పడితే?"

"ఇంట్లో పడలేదా?"

"పది రోజులురా బామ్మర్దీ. పదంటే పదే."

మంచం పీకాడు. మంచం పొడుగ్గా ఇరుసు మీదికొస్తే అక్కడున్న బ్యాటరీలు జరగాలి, బ్యాటరీలు జరిగితే నా వైర్లన్నీ జరగాలి. ఒకటి కదిపితే తొమ్మిది కదులుతాయి పెట్టెలో. పది రోజులు ఐదు వారాలయ్యాయి. మధ్యలో ఒక ఆదివారం అక్క కర్ర పట్టుకుని కొత్త సుద్దగీతల్లో నడిచింది. సగంలో అలసిపోయి ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

"బాగుందండీ," అంది. "అదీ బాగుంది, ఇదీ బాగుంది. ఎప్పుడు వెళ్దాం?"

"అయిపోవచ్చింది," అన్నాడు బావ, గీత సరిచేస్తూ. తలెత్తి చూసుంటే అక్క మొహం కనపడేది. ఆయన కడ్డీ ఎంత ఎత్తులో రావాలో చూస్తున్నాడు.

కడ్డీలు బిగించే రోజుకి వాటిని పట్టుకునే చేతిలో పట్టు లేదు. చక్రాల కుర్చీ వచ్చింది. పెట్టెలో నడిచే దారి వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలు, కుర్చీ వెడల్పు ఇరవై ఐదు. షెడ్డులో ఎవడో నోటి దురదకొద్దీ, అంగుళం మేస్త్రిని అంగుళమే దెబ్బ తీసిందని నవ్వాడు. వాడి చేతిలోని టీ గ్లాసు నేను విసిరి కొట్టాను. వాడు మంచివాడే. వాడి మీద కోపం కాదది.

అల్మారా ఒకటి పూర్తిగా పీకేస్తే గానీ కుర్చీ తిరగదు. అల్మారా వెనక నీళ్ళ గొట్టాలున్నాయి, గొట్టాలు జరిగితే సింకు జరగాలి. బావ మళ్ళీ ఉలి, సుత్తి పట్టుకుని లోపలికి దూరాడు. ఆ రోజు నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"నీకు అర్థం కావట్లేదా బావా? నువ్వు పోయిన నెల అక్కకి కడుతున్నావు. నువ్వు కట్టేసరికి ఆ అక్క ఉండదు. ఇది కట్టేసరికి ఈ అక్క కూడా ఉండదు."

ఆయన ఉలి కింద పెట్టలేదు. "మరేం చెయ్యమంటావు? కుర్చీ పట్టని పెట్టెలో గోనెసంచిలా మోసుకుని తిప్పమంటావా దాన్ని? పరాయి చోట, పదిమందీ చూస్తుండగా, చంకలో చేతులేసి ఎత్తమంటావా? దానికెంత సిగ్గో నీకు తెలుసు."

"అక్కనడుగు. ఎత్తుకోమంటుందో వద్దంటుందో."

"అడిగితే ఎత్తుకోమనే అంటుంది. మన కోసం అంటుంది." ఉలి అంచు బొటనవేలితో చూసుకున్నాడు. "ఒకసారి కుర్చీ పట్టేట్టు చేసేస్తే ఇక మళ్ళీ ఏదీ మార్చక్కర్లేదురా."

నేను పక్కకి తప్పుకున్నాను. భయపడ్డ మనిషితో వాదించడం కష్టం. చెక్క కోస్తున్నంతసేపు ఆయనకి ఇంకా చెయ్యగలిగింది ఏదో ఉంది. కోత ఆగితే చూస్తూ కూర్చోవాలి. ఆయన్నంటున్నాను గానీ, నేనేం తక్కువ తిన్నాను? వైర్లు మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ, ఇంకో రెండు వారాలు అక్క ఎదురుగా కూర్చుని మాటలు వెతుక్కోనక్కర్లేదని నాలో ఎవడో ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది. కానీ అది నిజం.

అక్క మొదట్లో రోజూ అడిగేది, ఎంతవరకు వచ్చిందని. తర్వాత వారానికోసారి. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పిన రోజు నుంచి అడగడం మానేసింది. మేం దాన్ని ఓపిక అనుకున్నాం.

వానలు తగ్గేసరికి మాట ముద్దగా రావడం మొదలైంది. పడుకుంటే ఊపిరి అందట్లేదని డాక్టరమ్మ ఒక మిషన్ రాసింది, తోడుగా ఆక్సిజన్ సిలిండరు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఆ మిషన్ తలాపునే ఉండాలి, చేతికందే దూరంలో కరెంటు ఉండాలి, కరెంటు పోతే గంటలకొద్దీ నడపగల బ్యాటరీలుండాలి. బావ పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

ఈసారి గీతల్లో నడవడానికి అక్క రాలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ మంచం మీద నిద్రపోతుంటే బావ ఆ చక్రాల కుర్చీని షెడ్డుకి తెచ్చాడు. నేల ఊడ్చి, గీసి, కుర్చీలో తనే కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. మెడ ఎడమకి కొంచెం వాల్చాడు, అక్క వాల్చినట్టే.

"తొయ్యరా," అన్నాడు.

తోశాను. తలుపులోంచి లోపలికి, మంచం దాకా, మళ్ళీ వెనక్కి. చుట్టూ పని ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు.

"ఇక్కడ మోకాలు తగిలింది," అన్నాడు. "రెండంగుళాలు జరపాలి. మళ్ళీ తొయ్యి."

పదకొండుసార్లు తోశాను. కుర్చీ తిరగాలంటే మంచం తల వైపు కిటికీ గోడకే రావాలి. మంచం తల అటొస్తే మిషన్ అల్మారా కిటికీకి అడ్డం నిలబడాలి, మరో దారి లేదు. అల్మారా కింద బ్యాటరీలు, సరిగ్గా ఇరుసు మీద. బరువు పంపకం అంత చక్కగా కుదిరిన పెట్టె మా షెడ్డులో ఇంతవరకు లేదు. ఆక్సిజన్ ఉన్న చోట మంట ఉండకూడదు, అది సిలిండరు మీదే రాసి ఉంది. పొయ్యి నేనే విప్పాను, నా చేతుల్తో. గ్యాస్ గొట్టం మూతికి బిరడా బిగించి, కారడం లేదని సబ్బు నురగ రాసి రెండుసార్లు చూసుకున్నాను. ప్రతి అడుగూ సరైనదే. నర్సుని అడిగాం, మిషన్ అమ్మినవాణ్ణి అడిగాం, డాక్టరమ్మకి బొమ్మ గీసి చూపించాం. అందర్నీ అడిగాం.

చలి మొదలయ్యే రోజుల్లో పెట్టె పూర్తయింది. తలుపులు, గొళ్ళేలు, దీపాలు, అన్నీ. కుర్చీ ఎక్కడానికి బావ ఒక వాలుబల్ల కూడా చేశాడు, జారకుండా దాని మీద గరుకు పట్టీలు అంటించాడు. ఒక శనివారం పొద్దున అక్కని తీసుకొచ్చాం. యజమాని, పెయింటరు, టైర్ల పని చేసే ఆయన, అందరూ పని ఆపి వచ్చి నిలబడ్డారు. బావ గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

నేను వెనక నుంచి తోశాను. కుర్చీ వాలుబల్ల ఎక్కి, తలుపు దాటి, ఎక్కడా తగలకుండా లోపలికి వెళ్ళింది.

"చూశావా," అన్నాడు బావ. "అటు ఒక అంగుళం, ఇటు ఒక అంగుళం."

అక్క మెడ తిరగదు. కళ్ళు తిప్పింది. మంచం చూసింది, మంచం పక్క కడ్డీ చూసింది, మిషన్ చూసింది, సిలిండరు చూసింది. మళ్ళీ మొదట్నుంచి చూసింది, ఏదో కనపడనట్టు.

"మన పెట్టె... ఏదండీ?" అంది.

"ఇదేనే. ఇదే మనది."

"పొయ్యి?"

బావ నా వైపు చూశాడు. "గ్యాస్ ఉండకూడదక్కా," అన్నాను. "ఆక్సిజన్ ఉంది కదా. నేనే తీసేశాను. టీకి ఫ్లాస్కు పెట్టుకుందాంలే." ఫ్లాస్కు అన్నందుకు నా నాలుక తెగిపోయినా బాగుండేది.

"కిటికీ?"

"ఉంది," అన్నాడు బావ. "మిషన్ వెనకాల. మూసెయ్యలేదే, అలాగే ఉంది వెనకాల."

అక్క ఆ అల్మారా వైపు చూస్తూ ఉండిపోయింది. బయట యజమాని ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. చివరికి అక్క ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. "బాగుంది. ఆసుపత్రిలో కూడా... ఇంత బాగా... ఉండదు."

వెక్కిరింత అయితే తట్టుకునేవాణ్ణి. అక్కకి వెక్కిరించడం బాగా వచ్చు. ఇది మాత్రం మనసులోంచి అంది, ఎనిమిది నెలలు కష్టపడ్డ మనిషికి మర్యాదగా.

"రేపే బయల్దేరుదాం," అన్నాడు బావ. "నువ్వెటంటే అటు."

"పడుకుని పోయేదానికి... ఎటైతే ఏం." ఊపిరి కోసం ఆగింది. "ఇంట్లోనే పడుకుంటాను. పక్కింటి పిల్లల... గోలైనా వినపడుతుంది."

అప్పటికి అర్థమైంది బావకి. అర్థమైన మనిషి ఏం చెయ్యాలి? ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చోవాలి, చెయ్యి పట్టుకోవాలి. ఆయన జేబులోంచి టేపు తీశాడు. "ఇదెంత పని. మంచం పద్నాలుగు అంగుళాలు ముందుకి లాగితే సగం కిటికీ బయటపడుతుంది. మిషన్ కింద అరలోకి దించుతాను. నువ్వు పడుకునే చూడొచ్చు. వారం. ఒక్క వారం చాలు." అంటూ మోకాళ్ళ మీద కూర్చుని, నేల నుంచి ఆవిడ కంటి ఎత్తు ఎంతో చూడటానికి టేపు కొస ఆవిడ చెంప దగ్గర పెట్టాడు.

"నన్నింక కొలవకండి," అంది అక్క.

అప్పటిదాకా మాటకీ మాటకీ మధ్య ఆగుతున్న మనిషి, ఈ ముక్క మాత్రం ఆగకుండా అంది. టేపు దానంతటదే గర్రుమని లోపలికి పోయింది. బావ చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది, చెంపకి అంగుళం దూరంలో. ఆ అంగుళం కూడా దాటి ముట్టుకో బావా అని అరవాలనిపించింది నాకు. అరవలేదు. ఆయన ముట్టుకోలేదు.

అక్క ఆ తర్వాత ఏడు వారాలు బతికింది. పెట్టె షెడ్డు గేటు దాటలేదు. రెండు మూడు బేరాలొచ్చాయి గానీ, లోపలికి తొంగిచూసినవాళ్ళు చూసినట్టే వెనక్కొచ్చేశారు. ఆ వెడల్పు, ఆ ఎత్తు, ఆ అరలు ఎవరికీ పనికిరావు. ఒకే ఒక్క మనిషికి, అదీ ఒకే ఒక్క నెలకి సరిపోయే ఇల్లది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు నేను ఇవన్నీ చెప్పుకొస్తున్నాను.

ఆ శనివారం మాత్రం ఆవిణ్ణి కిందికి దింపాలి కదా. బావ ముందు నిలబడి వెనక్కి వెనక్కి నడిచాడు, నేను వెనక నుంచి పట్టుకున్నాను. వాలుబల్ల మీద కుర్చీ ఒక్క కుదుపు కూడా లేకుండా దిగింది. లోపలి మాటలేవీ వినని పెయింటరు ముచ్చటపడి, "పనంటే ఇదీ మేస్త్రీ," అన్నాడు. బావ అలవాటుగా తలూపాడు.